ముక్కలు పారేసే ఉద్యోగం

సిద్రో బగ్తాస్ పేకాట ఆడి సంసారం ఈదాడని చెబితే మా పేటకు కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. పేకాటరాయుడంటే వాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉంటుంది. వేళ్ళ నిండా ఉంగరాలు, నోట్లో చుట్ట, పక్కన ఎవరి భార్యో. సిద్రోకి ఉన్నవి ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా, అన్నం క్యారేజీ, నడుంనొప్పి. సముద్రం ఒడ్డున ఉన్న హోటల్లో, రెండో అంతస్తు పేకాట గదిలో, పందొమ్మిదేళ్ళు నేను అతనికి ముక్కలు పంచాను. నా పేరు రోవేనా. పంచేవాళ్ళు ఆడకూడదు, మాట్లాడకూడదు, ముఖంలో ఏదీ కనబడనివ్వకూడదు. అందుకే ఆ గదిలో అందరికంటే ఎక్కువ చూసింది మేమే.

అంతకుముందు సిద్రో మకాతీ నగరంలో ఒక జీవిత బీమా కంపెనీలో గుమాస్తా. ఏ వయసువాళ్ళు ఏ యేడాది ఎంతమంది పోతారో లెక్కగట్టడం అతని పని. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. మనుషుల చావులన్నీ ముందే లెక్కగట్టిన ఆఫీసుకు తన చావు మాత్రం అంతుబట్టలేదు. ముప్పై నాలుగేళ్ళ వయసులో సిద్రో రోడ్డున పడ్డాడు. ఆరు నెలలు దరఖాస్తులు పెట్టి విసిగి, ఒకరోజు మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి మా హోటల్లోకి వచ్చాడు. రెండు గంటలు గోడకానుకుని ఆట చూశాడు. ఆడేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఓడిపోవడానికి తొందరపడుతున్నారని అతనికి అర్థమైంది. తొందరపడని ఉద్యోగం అతనికి బాగా తెలిసిందే.

మర్నాటి నుంచి ఉదయం పదింటికి వచ్చేవాడు, సాయంత్రం ఆరింటికి వెళ్ళేవాడు. ఒంటిగంటకి క్యారేజీ విప్పి ఎండుచేప, అన్నం తినేవాడు. ఆదివారం సెలవు. అతని పని చూసేవాళ్ళకి ఆవలింతలు వచ్చేవి. రెండు ముక్కలు తీసుకోవడం, అంచు పైకెత్తి చూడడం, పందెం కాయకుండా పారేయడం. మళ్ళీ రెండు, మళ్ళీ పారేయడం. వందసార్లు పంచితే ఎనభై పైన పారేసేవాడు. చెవుల్లో పాటలు, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకున్న కుర్రాళ్ళు వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు, లావుపాటి పుస్తకాలు చదివామని చెప్పేవాళ్ళు, ఆరు నెలలకి కార్లు అమ్మే ఉద్యోగంలో చేరేవాళ్ళు. సిద్రో అక్కడే ఉండేవాడు. వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చునే రైతుల పునీతుడు ఒకాయన ఉన్నాడు, మావాడి పూర్తి పేరులాగే ఆయన పేరూ ఇసిద్రోయే. గదిలో అందరూ మావాణ్ణి ‘పునీతుడు’ అనే పిలిచేవాళ్ళు.

ఇంట్లో చిక్కు వేరే. భార్య మిందా బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మొదటి వారమే ఆమెకి నిజం చెప్పేశాడు. అత్తగారితో చెప్పడానికి మాత్రం ధైర్యం చాలక, హోటల్లో ఉద్యోగం దొరికిందన్నాడు. అందరూ నానాయ్ అని, అంటే అమ్మా అని, పిలిచే ఆ కొంచింగ్ బుధవారం బుధవారం బస్సెక్కి మాత గుడికి నొవేనా ప్రార్థనలకి వెళ్ళేది. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం పూట ఇంటి ముందు గొడుగు వేసుకుని, చేపలమ్మే పాసింగ్‌తో, మంత్రసాని ఒకావిడతో కలిసి ముగ్గురాట పేక ఆడేది. అది జూదం కాదట, బుర్రకి వ్యాయామమట. హోటళ్ళలో చల్లటి గదుల్లో ఆడేదే జూదమట.

“ఏ హోటల్లో పని?” అని అడిగింది ఆవిడ.

“ఆ సముద్రం పక్కన పెద్దది నానాయ్.”

“ఏం పని?”

“రిస్కు విభాగం.”

“అంటే? నిప్పంటుకుంటే ఆర్పడమా?”

“దాదాపు అంతే నానాయ్. ఎక్కువసేపు ఊరికే కూర్చునే ఉంటాం.”

ఆ మాట పేటంతా పాకింది. ఆ యేడు మేనకోడలి పెళ్ళికి, హోటల్ హాలు సగం ధరకి ఇప్పించమని అల్లుణ్ణి అడిగింది నానాయ్. సిద్రో మిగతా సగం గుట్టుగా తనే కట్టి, మా వాళ్ళు తగ్గించారని చెప్పాడు. దాంతో చుట్టాల్లో ఇంకో రెండు పెళ్ళిళ్ళు అదే హాల్లో కుదిరాయి. ఆ ఏడాది సిద్రో ఓడిపోయింది పేక బల్ల దగ్గర కాదు, కల్యాణ వేదిక మీద.

కూతురు లిగాయాకి ఆరేళ్ళు వచ్చాయి. దగ్గర్లోని సిస్టర్ల బళ్ళో వెయ్యాలని మిందా పట్టు. దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర సిద్రో రెండు రోజులు ఆగిపోయి, చివరికి ‘స్వయం ఉపాధి’ అని రాశాడు. మాట్లాడడానికి రమ్మని పిలుపు వచ్చింది. గదిలో పెద్ద సిస్టర్ పెర్పెత్వా, పక్కన తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు అటార్నీ కింపో కూర్చున్నారు. ఈ అటార్నీ ప్రతి శనివారం మధ్యాహ్నం సిద్రోకి ఎదురుగా, నా ఎడమచేతి పక్కన కూర్చునే పెద్దమనిషి. కోర్టులో ఎన్ని కేసులు గెలిచేవాడో నాకు తెలీదు. మా దగ్గర ఒక్కటీ గెలవలేదు. ఆ రోజు జరిగింది ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. విచిత్రంగా ఇద్దరూ ఒకేలా చెప్పారు.

“స్వయం ఉపాధి అని రాశారు. ఏం చేస్తారండీ?” అని సిస్టర్ అడిగింది.

“కొంతమందితో కూర్చుంటాను సిస్టర్. వాళ్ళు పైకి ఎంత ధైర్యంగా ఉన్నారో, లోపల ఎంత ఉందో చూస్తాను.”

“ఓహో. ఆత్మపరిశీలన చేయిస్తారన్నమాట.”

“చాలామంది అందాకా రారు సిస్టర్. మధ్యలోనే ఇంటికెళ్ళిపోతారు.”

“ఆదాయం నిలకడగా ఉంటుందా మరి?”

సిద్రో అటార్నీ వంక చూశాడు. అటార్నీ గోడ మీది మేరీమాత పటం వంక చూశాడు.

“శనివారాలు చాలా నిలకడగా ఉంటుంది సిస్టర్. పదకొండు నెలలుగా ఒక్క వారం కూడా తప్పలేదు.”

అటార్నీకి దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగి గొంతు సర్దుకున్నాడు. “ఈయన నాకు తెలుసు సిస్టర్. చాలా ఓపిక గలవాడు. పిల్లని చేర్చుకోవచ్చు.”

“మీకెలా తెలుసు అటార్నీ?”

“శనివారాలు... ఇద్దరం ఒకేచోట ప్రార్థన చేసుకుంటాం.”

“మంచిదే. ఇద్దర్లో ఎవరి ప్రార్థన ఫలిస్తోంది?”

ఇద్దరూ రెప్ప కొట్టలేదు. సిస్టర్ ఇద్దర్నీ చెరోసారి తీరిగ్గా చూసి, దరఖాస్తు మీద ముద్ర గుద్దింది. “ఆవిడ గనక మన బల్ల దగ్గరకొస్తే రోవేనా, వారం తిరక్కుండా మనందరం ఉద్యోగాలు వెతుక్కోవాలి,” అన్నాడు సిద్రో నాతో సోమవారం.

ఇలా గుట్టుగా ఇంకో నాలుగేళ్ళు గడిచాయి. అంతలో మా హోటల్లో పెద్ద పోటీ పెట్టారు. కొరియా నుంచి, తైవాన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఆరువందల మంది వచ్చారు. సిద్రో కూడా చేరాడు. నాలుగు రోజులు తన పని తను చేశాడు, అంటే పారేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు నరుక్కున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆరువందల మందిలో తొమ్మిదిమంది మిగిలితే, వాళ్ళలో క్యారేజీ తెచ్చుకున్నవాడు ఒక్కడే. ఆ చివరి ఆటని టీవీలో చూపిస్తారని సిద్రో అనుకోలేదు. మా పేట చిల్లర దుకాణంలో ఆ చానెలే వస్తుందని అసలు అనుకోలేదు.

“కొంచింగ్! ఓ కొంచింగ్! ఇట్రా! మీ అల్లుడు టీవీలో నిప్పు ఆర్పుతున్నాడు!” అని చేపల పాసింగ్ రోడ్డు మీంచి కేకేసింది.

గంటలో దుకాణం ముందు నలభైమంది చేరారు. ముగ్గురు మిగిలినప్పుడు సిద్రోకి రాణుల జత వచ్చింది. ఒక కొరియా కుర్రాడు తన ముందున్న పందెం బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. సిద్రో చాలాసేపు ఆలోచించి తనవీ తోశాడు. కుర్రాడి చేతిలో రాజుల జత ఉంది. సిద్రోది మూడో స్థానం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మిందా గుమ్మంలో బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది. లోపల కుర్చీలో నానాయ్, చేతిలో జపమాల.

“మూడా?” అంది ఆవిడ.

“నానాయ్, నేను చెప్దామనే అనుకున్నా...”

“అబద్ధం సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండి. నేనడిగేది వేరు. రాణులు పట్టుకుని ఆ పిల్లాడికి ఎదురెళ్తావా? వాడి మెడ మీద నరం కొట్టుకోవడం చూళ్ళేదా? రోడ్డు మీద నిలబడ్డ మాకే కనబడింది కదయ్యా! పాసింగ్ కూడా చెప్పింది, చేతిలో రాజులున్నాయని!”

టీవీలో చూసేవాళ్ళకి అందరి ముక్కలూ ముందే చూపిస్తారని ఆవిడకి గుర్తుచేసే సాహసం ఎవరూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నకల్లా వీధి మొగలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. ‘మన పేట గర్వకారణం ఇసిద్రో బగ్తాస్‌కు అభినందనలు’ అని రాసి, కింద మా వార్డు పెద్ద కపితాన్ ఓనోర్యో బొమ్మ నానాయ్ గొడుగంత, సిద్రో బొమ్మ నిమ్మకాయంత వేశారు. మొన్నటిదాకా జూదగాళ్ళని పేట నుంచి తరిమేస్తానని ఓట్లడిగిన మనిషే ఆయన. “అది జూదం, ఇది క్రీడ. టీవీలో వచ్చిందంటే క్రీడ!” అని మైకులో తేల్చి చెప్పాడు. క్రీడాకారుడు కాబట్టి బాస్కెట్‌బాల్ జట్టుకి బనియన్లు సిద్రో కుట్టించాలన్నాడు. మూడు నెలల్లో పదకొండుమంది పసిపిల్లలకి సిద్రో బాప్తిస్మానికి కానుకలిచ్చే జ్ఞానతండ్రి అయ్యాడు. నాలుగో పిల్లవాడి దగ్గర్నుంచి పేర్లు కలిసిపోవడం మొదలైంది. అందర్నీ ‘బంగారం’ అనేవాడు.

తర్వాత వినిగర్ కంపెనీ వచ్చింది. ‘లోలా సెబ్యా కొబ్బరి వినిగర్’ అని, కొత్త సరుకు. వీపు మీద సీసా బొమ్మ కుట్టిన ముదురు పసుపు జాకెట్టు ఇచ్చారు, టోపీ ఇచ్చారు. పోటీలన్నిటికీ ప్రవేశ రుసుము తామే కడతామన్నారు. ప్రచారం చూసే కుర్రాడొకడు, నున్నగా తల దువ్వుకుని, నేను ముక్కలు పంచుతుండగానే అతన్ని ‘కూయా’ అని, అంటే అన్నా అని, పిలుస్తూ చెవిలో గొణిగేవాడు.

“కూయా, మీరలా పారేస్తూ కూర్చుంటే కెమెరా మీ మీద నిలబడదు. పక్కవాడి టోపీ కనబడుతోంది. కొంచెం ఆడండి కూయా.”

“నాకు ముక్కలు రావట్లేదు బాబూ.”

“ముక్కల్తో పనేముంది? మీ దగ్గర ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు? అందుకే కదా దీన్ని పేకాటంటారు!”

ఏడేళ్ళుగా సిద్రోకి అన్నం పెట్టిన విద్య ఆడకుండా ఉండడం. ఇప్పుడు ఆడమని ఎదురు డబ్బు కడుతున్నారు. మొదట్లో ఒకటీ అరా ఆడాడు. కెమెరా తిరిగింది, జనం చప్పట్లు కొట్టారు. చప్పట్ల రుచి కొబ్బరి వినిగర్ కంటే ఘాటు. అన్నిటికంటే చెత్త ముక్కలు ఏడూ రెండూ పట్టుకుని రాజులున్నవాడి మొహం మీదకి బిళ్ళలు తోయడం నా కళ్ళతో చూశాను. ‘కూయా, వద్దు’ అని నోటిదాకా వచ్చింది. నియమం గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాను. పోటీల్లోనే కాదు, సొంత డబ్బుతో ఆడే రోజువారీ బల్ల దగ్గరా అదే తీరు కావడంతో, పద్నాలుగు నెలల్లో అతను దాచినదంతా కరిగిపోయింది. మిందా కొత్తగా కొన్న కుట్టుమిషన్ తిరిగి దుకాణానికి వెళ్ళింది. వినిగర్ కంపెనీ మాత్రం మర్యాదగా ఉత్తరం రాసింది. పులుపు తమ సరుకులో ఉండాలి గానీ తమ ఆటగాడి మొహంలో ఉండకూడదన్నది దాని సారాంశం. జాకెట్టు ఉతికించి వాపసు చెయ్యమన్నారు.

జ్ఞానపుత్రుల తల్లిదండ్రులు ఎదురుపడితే అవతలి కాలిబాట ఎక్కడం మొదలుపెట్టారు. ఫ్లెక్సీని ఎవరో విప్పుకుపోయి పందుల దొడ్డి మీద కప్పుకున్నారు. రెండు వానలకి సిద్రో బొమ్మ వెలిసిపోయింది. కపితాన్ మొహం గట్టి రంగుది, అది పందుల మీద చిరునవ్వు నవ్వుతూ చాలాకాలం నిలిచింది.

నాలుగు నెలలు సిద్రో గదికి రాలేదు. ఇంట్లో మిందాకి సాయం చేస్తున్నాడని విని, ఒక సెలవురోజు పలకరిద్దామని వెళ్ళాను. కాలికింద నీలంగుడ్డ ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. గుడ్డలో చిన్న ముడి కనబడినా, నేత కాస్త పలచబడినా ఇతను పక్కకి పారేస్తున్నాడట.

“చూడు రోవేనా, చూడు! రెండు తానులు పోయాయి. స్కర్టులు కుట్టమంటే చేతిరుమాళ్ళకి కూడా చాలకుండా చేశాడు,” అని మిందా నెత్తి కొట్టుకుంది. మొగుడి వైపు తిరిగి, “నీ పని నువ్వు చేసుకోవయ్యా బాబూ! ఆ జాకెట్టు లేకుండా, ఆ నున్నటి క్రాపు కుర్రాడు లేకుండా, ఇదివరకట్లా పోయి కూర్చో. నేను బతికుండగా ఈ కత్తెర ముట్టుకోకు!”

“నాకు చేతకావట్లేదు మిందా. ముక్కలు చూస్తే చెయ్యి ఆగట్లేదు,” అన్నాడు సిద్రో నేల చూపులు చూస్తూ.

వాకిట్లోంచి నానాయ్ కేకేసింది. “మంత్రసాని కాన్పుకి పోయింది. ఒక చెయ్యి తగ్గింది. నువ్వు రా!”

అలా మూడు మధ్యాహ్నాలు గొడుగు కింద కూర్చున్నాడు. మూడు రోజులూ ఓడిపోయాడు. దేశదేశాల ఆటగాళ్ళ మధ్య మూడోస్థానం తెచ్చుకున్నవాడు చేపల పాసింగ్ చేతిలో తన్నులు తింటుంటే, పిల్లలు గోడెక్కి చూశారు. మూడో రోజు చివర్న నానాయ్ పేక సర్దుతూ అందట:

“నీ జబ్బు నాకు తెలిసింది. ఇప్పుడు నువ్వు గెలవాలని కూర్చుంటున్నావ్. ఇదివరకు సాయంత్రం దాకా కూర్చుందామని కూర్చునేవాడివి.”

ఆ సోమవారం పదింటికి ఇస్త్రీ చొక్కాతో, క్యారేజీతో వచ్చి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనం దాకా ఒక్క ఆట కూడా ఆడలేదు. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో ఇప్పటికీ చెప్పలేను. పక్కనున్న ఒక టూరిస్టు మాత్రం “ఈయనకి ఆట వచ్చా?” అని నన్ను అడిగాడు.

తర్వాత చెప్పుకోవలసినంత విశేషాలేమీ జరగలేదు, అదే విశేషం. కుట్టుమిషన్ మళ్ళీ వచ్చింది. లిగాయా నర్సు చదువు పూర్తిచేసింది. నానాయ్ ఒక బుధవారం గుడి నుంచి వచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని, నిద్రలోనే వెళ్ళిపోయింది. అటార్నీ కింపో జుట్టు తెల్లబడింది. శనివారాలు మాత్రం తప్పలేదు.

పోయిన వేసవిలో హోటల్ వాళ్ళు పేకాట గది మూసేశారు. మీటలు నొక్కితే బొమ్మలు తిరిగే యంత్రాలు పెడితే లాభం ఎక్కువట. యంత్రం ఎదుట కూర్చున్నవాడు ఆలోచించడు, క్యారేజీ తెచ్చుకోడు, పారేయడు. ఆఖరి రోజు ఎనిమిది బల్లల్లో ఒక్కటే తెరిచారు. పదకొండింటికి ముగ్గురు మిగిలారు. పన్నెండింటికి వాళ్ళలో ఇద్దరు కొత్త యంత్రాలు చూసొస్తామని లేచి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఒక్కడితో ఆట సాగదు. నేను పేక సర్ది, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని, బల్ల వదిలే ప్రతిసారీ చేసే అలవాటుగా, తిప్పి చూపించాను. సిద్రో లేచి, “రోవేనా, ఇవాళ క్యారేజీ వద్దు. బయట తిందాం రా,” అన్నాడు.

హోటల్ వెనక వీధిలో చిన్న భోజనశాల ఉంది. చింతపండు పులుసులో ఉడికిన రొయ్యలు, అన్నం చెప్పాం. గోడ వైపు బల్ల కావడంతో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. పందొమ్మిదేళ్ళలో బల్లకి ఒకే వైపు కూర్చోవడం అదే మొదటిసారి.

“ఇప్పుడు నీకు నియమం లేదుగా. నిజం చెప్పు. నా ముఖంలో ఎప్పుడైనా ఏమైనా తెలిసేదా?” అన్నాడు గర్వంగానే.

“ముఖంలో ఏమీ లేదు కూయా.”

“చూశావా!”

“నోట్లో ఉంది.”

అతను చెంచా ఆపాడు. చెప్పెయ్యడమే మంచిదనిపించింది. “మంచి ముక్కలు వచ్చినప్పుడల్లా మీరు నన్ను పలకరించేవారు. ‘రోవేనా, మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?’ అని. ఆసుల జత అయితే ‘పాపం’ అని కూడా అనేవారు.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ. అమ్మ పోయాక మా తమ్ముడి ఉబ్బసంలోకి మారారు.”

“మిగతావాళ్ళకి తెలుసా ఇది?”

“తెలీనిదెవరికి? మీరు అడగ్గానే అటార్నీ కింపో నా వైపు తిరిగి ‘మీ అమ్మగారు చల్లగా ఉండాలి’ అని ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని మరీ బిళ్ళలు తోసేవాడు.”

సిద్రో పులుసు గిన్నె పక్కకి జరిపాడు. “తెలిసి కూడా ఎందుకు ఆడేవాళ్ళు మరి?”

“ఈ ఒక్కసారి ఊరికే అడిగాడేమో అనుకునేవాళ్ళు కూయా. పారేసి కూర్చోవడం వాళ్ళకి చేతకాదు.”

తన ఓపిక, తన లెక్కలు, తన రాతిముఖం అన్నీ కలిసి సంసారాన్ని నడిపాయనుకున్న మనిషి అతను. కోపమొస్తుందేమోనని భయపడ్డాను. అతన్ని బాధపెట్టింది అది కాదు.

“అంటే, మీ అమ్మ మోకాలి గురించి నేనెప్పుడూ నిజంగా అడగనే లేదా?”

“ఒకసారి అడిగారు. ఆవిడకి ఆపరేషన్ అయిన వారం. ముక్కలు పారేసి, తర్వాత అడిగారు. ఆ రోజు బల్లంతా గందరగోళపడిపోయింది. అటార్నీ అయితే రాజుల జత చేతిలో పెట్టుకుని కూడా పారేశాడు.”

సిద్రో ముందు పెదవి బిగబట్టాడు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కొట్టుకుంటూ కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. వడ్డించే అమ్మాయి ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఇంకో గిన్నెడు పులుసు పొయ్యమని ఆమెకి సైగ చేశాడు. చల్లారకముందే ఇద్దరం మళ్ళీ అన్నంలో చెయ్యిపెట్టాం.